వీపు మెత్త

బర్మాలో సైనిక ప్రభుత్వం వచ్చాక, రంగూన్ నుంచి మన తెలుగువాళ్లు కుటుంబాలతో ఓడలెక్కి వెళ్లిపోతున్న రోజులవి. మిట్టమధ్యాహ్నం చౌక్తడాలో బస్సెక్కితే ఇనప సీటు పెనంలా కాలుతోంది. కూర్చోలేక నిలబడ్డాను. పక్కనున్న ముసలామె సంచిలోంచి నాడాలున్న మందపాటి ఖాకీ మెత్త తీసి సీటు మీద పరిచింది.

"కూకో అమ్మా, ఇద్దరికీ సరిపోతాది."

"ఏటి మామ్మా ఇది?"

"తెల్ల సోల్జర్లు వీపుకి కట్టుకునీవోరు. ఎండ ఎన్నుపూసలోకి దిగిపోతాదని బయం. మా అయ్యే కుట్టీవోడు, చొక్కా లేకుండా ఎండలో కూకుని! ఇప్పుడు చూడు, ఎక్కడికొచ్చిందో!"

ఎదుటి సీట్లోని బర్మా పెద్దమనిషి, "మీ దేశం ఎప్పుడెళ్తారు?" అని అడిగాడు. ఆ రోజుల్లో అందరూ మమ్మల్ని అడిగేదే. నేను తల దించుకున్నాను. ఆమె మాత్రం బస్సంతా వినేలా బర్మా భాషలోనే చెప్పింది:

"ఎండకి భయపడ్డవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు. నేనెందుకు వెళ్తాను?"

బస్సంతా గొల్లున నవ్వింది. అడిగినాయనా నవ్వేశాడు.

దిగాక, చేతిలో గొడుగున్నా తెరవకుండానే ఇంటికి నడిచాను. ఓడ కోసం కట్టిన మూటలు ఆ సాయంత్రమే విప్పేశాను. ఇదేటని మా ఆయన అడిగాడు.

"ఈ ఊరి ఎండ నాకలవాటే," అన్నాను.