మూలలు లేని గోడ

మా వీధి చివర ఒంటిగది ఇంట్లో ఉండే ఆ అమ్మాయిని అందరూ మరకల కోడలు అంటారు. మోచేతి మీద ఒక రంగు, చెవి తమ్మె మీద ఇంకో రంగు లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు. రంగుల దుకాణంలో పని కాబట్టి మరకలు ఉంటాయిలే అని వీధి సరిపెట్టుకుంది. నిజానికి దేనికీ అంత తేలిగ్గా సరిపెట్టుకునే వీధి కాదు. పక్కింట్లో కొత్త చీపురు కొన్నా ఎందుకు కొన్నారో ఆరా తీస్తుంది. అలాంటిది ఈ ఒక్క విషయంలో కళ్లుండీ మోసపోయింది.

దుకాణంలో ఆమె పని రంగులు కలపడం. వచ్చినవాళ్లు అట్టముక్క మీద వేలుపెట్టి చూపించిన రంగు వచ్చేదాకా తెల్ల రంగులో చుక్కలు వేసి, మూత బిగించి, డబ్బాను గిలకొట్టే యంత్రంలో పెట్టాలి. ఇంటికి తీసుకెళ్లాక మొగుడికి నచ్చింది పెళ్లానికి నచ్చదు, ఇద్దరికీ నచ్చింది ఆడబిడ్డకు నచ్చదు. డబ్బా వెనక్కి వస్తుంది. ఒకసారి కలిపిన రంగును మళ్లీ విడదీయడం ఎవరి తరమూ కాదు. అలా వచ్చిన డబ్బాలు దుకాణం వెనక పేరుకుపోయి నడవడానికి దారిలేకపోతే, షావుకారు విసుక్కుని, “వీటిని ఎక్కడన్నా పారబొయ్యి తల్లీ” అన్నాడు.

ఆమె పారబోసింది. ఊళ్లో గోడల మీద.

అది కూడా పట్టపగలే. మధ్యాహ్నం దుకాణం మూస్తారు. ఇంటికొస్తే ఉన్నది ఒకే గది, అందులో మొగుడు. గోదాము కాపలా కాసి వచ్చి పడుకుంటాడు. చెంచా కింద పడినా లేచి కూర్చుని “ఎవడ్రా అది?” అని కేకపెడతాడు. అందుకని అత్త తన మేకను పట్టుకుని గుమ్మం బయట నీడలో కూర్చుంటుంది. కోడలు డబ్బా, కుంచె, చిన్న నిచ్చెన తీసుకుని ఊరి మీద పడుతుంది. ఎర్రటి ఎండ. అందరూ తలుపులు మూసుకుని పడుకునే వేళ. తలకు గుడ్డ చుట్టుకుని గోడకు రంగేస్తున్న మనిషిని ఎవరైనా చూసినా చూసినట్టు కాదు. వెల్ల వేసేవాళ్ల ముఖం ఎవరికి గుర్తుంటుంది?

ఆమె పద్ధతి ఒకటుంది. గోడ మీదున్న చెమ్మ మచ్చనో పగులునో పట్టుకుని, అది ఏమవ్వాలని చూస్తోందో కాసేపు కనిపెడుతుంది. ఆ తర్వాత దాన్ని అదే చేస్తుంది. పెద్ద బడి గోడ మీద మచ్చ ఏనుగు కావాలంది. చేతిలో ఉన్నది ఊదా రంగు. కాబట్టి ఊదా ఏనుగు.

మర్నాడు మంగలి దుకాణంలో ఇదే చర్చ.

“ఊదా ఎందుకేశాడంటే, అది అధికారం మీద విసురు. మనకు అర్థం కావాలంతే” అన్నాడు లెక్కల మాస్టారు, సగం గడ్డం సబ్బుతో.

“అదేం కాదు మాస్టారూ, ప్రేమలో దెబ్బతిన్నాడు. గడ్డం పెంచే ఉంటాడు. ఈ ఊళ్లో నా దగ్గరికి రానివాడెవడో కనుక్కోండి, వాడే” అన్నాడు మంగలి.

అసలు సంగతి, ఒకావిడ ముందుగదికి కలిపించుకున్న ఊదా రంగు చూసి వాళ్ల ఆడబిడ్డ ముక్కు చిట్లించింది.

తర్వాత పాత తపాలా ఆఫీసు పక్కనున్న మొండి గోడ మీద ఒక చిన్న కిటికీ వేసింది. కిటికీకి ఊచలు, కింద చెయ్యిపట్టేంత సందు, లోపల ఖాళీ కుర్చీ. అంతే. సాయంత్రానికి దాని ముందు జనం వరసలో నిలబడ్డారు. ముందున్నాయన వెనక్కి తిరిగి, “కుర్చీ ఖాళీగా ఉంది, టీకి వెళ్లుంటాడు” అన్నాడు. వెనకాయన, “ఈ ఆఫీసులన్నీ ఇంతే” అన్నాడు. దేనికి నిలబడ్డారో ఒక్కరూ అడగలేదు. మర్నాడు ఒక పెద్దావిడ ఇంటినుంచి ముక్కాలిపీట తెచ్చుకుంది. అది బొమ్మ అని తేలాక కూడా కొందరు రావడం మానలేదు. అక్కడ వరస బాగా జరుగుతోందట.

దాంతో పేరు మోగిపోయింది. మొదట్లో ‘వాడెవడో’ అన్నవాళ్లు ‘ఆయనెవరో’ అనడం మొదలుపెట్టారు. చివరికి ‘గోడాయన’ అని స్థిరపడింది. గోడావిడ అని మాత్రం ఒక్కరికీ తోచలేదు.

తెలిసింది అత్తకొక్కర్తికే. బట్టలుతికేది ఆవిడే కదా. ఊళ్లో ఊదా ఏనుగు, బకెట్లో ఊదా నీళ్లు. “ఈసారి పచ్చది వెయ్యకే, వదలట్లేదు” అని మాత్రం అంది.

ఇంత చేసినా కోడలి ప్రాణమంతా ఒక్క గోడ మీదే ఉండేది. ఊరి నడుమ నీళ్ల ట్యాంకు. గుండ్రటిది, ఎత్తైనది, చుట్టూ చెమ్మ మచ్చలే. ఏ గోడకైనా బొమ్మ ఒక మూల మొదలై ఇంకో మూల ఆగిపోవాల్సిందే. ట్యాంకుకి మూలలే లేవు. దాని మీద మొదలుపెట్టిన బొమ్మ ఎక్కడా అయిపోదు. దుకాణానికి వెళ్తూ వస్తూ ఆమె దాని చుట్టూ ఒకసారి తిరిగేది. కానీ చిన్న నిచ్చెనకు అందేది కాదు. పరంజా కావాలి, పరంజాకు ఆఫీసు అనుమతి కావాలి.

అదిగో అప్పుడే పురపాలక ఆఫీసులో ఊరి అందచందాలు చూసే అధికారి, మా వీధి భాషలో అందాల ఆఫీసరు, మైకు కట్టించి చెప్పించాడు. గోడాయన ఎవరో బయటపడితే ట్యాంకు ఆయనకే ఇస్తారట. సోమవారంలోగా రాకపోతే ప్రకటన రాసుకోమని బనీన్ల కంపెనీకి ఇచ్చేస్తారట.

ఆ మాట విన్నప్పటినుంచి కోడలికి అన్నం సహించలేదు. ఆమెకు కుంచె ఎంత ఆడుతుందో నోరు అంత ఆడదు. ఆఫీసరు ముందు నిలబడి ‘నేనే’ అనాలంటే నాలుక పిడచగట్టుకుపోతుంది.

“నువ్వేం మాట్లాడక్కర్లేదు, పక్కన నిలబడు చాలు. మాట్లాడ్డం నాకొదిలెయ్యి” అంది అత్త. ఆవిడ మాట్లాడటం మొదలుపెడితే ఆపడమే కష్టం గనక, కోడలికి ధైర్యం వచ్చింది.

కబురు పెడితే అందాల ఆఫీసరు తనే వచ్చాడు. అత్త గుమ్మంలో పీట మీద కూర్చుంది. కోడలు మేకకు రెమ్మలు పెడుతూ పక్కన నిలబడింది. ఆ పొద్దున్నే మేక పసుపు రంగు డబ్బాలో మూతి పెట్టింది. గడ్డం నిండా రంగే.

“ఆ బొమ్మలేసేవాడు మీకు తెలుసన్నారట” అన్నాడు ఆఫీసరు.

“వాడూ లేడు, వీడూ లేడు. అదిగో, అదే వేస్తుంది” అని అత్త గడ్డం ఎగరేసి చూపించింది.

ఆవిడ కోడల్ని ఎప్పుడూ ‘అది’ అనే అంటుంది. ఇంట్లో పిల్లను ఎవరైనా అలాగే అంటారు. ఆఫీసరు ఆ గడ్డం చూపించిన వైపు చూశాడు. రంగు కారుతున్న ఇంకో గడ్డం కనిపించింది.

“అదా?” అన్నాడు.

“అదే.”

“ఎప్పట్నుంచీ?”

“మా ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. రంగు కనిపిస్తే చాలు, దానికి తిండి ధ్యాస ఉండదు.”

“ఎవరు నేర్పారమ్మా?”

“ఎవరు నేర్పుతారు నాయనా? దానంతటదే నేర్చుకుంది.”

“మనతో ఏమైనా...”

“అబ్బే, బెదురు గొడ్డు. కొత్తవాళ్లముందు నోరు విప్పదు.”

ఆఫీసరు మోకాళ్ల మీద కూర్చుని మేక కళ్లలోకి చూశాడు. పరాయి ఆడమనిషి ముఖంలోకి చూడటం ఇష్టంలేక పాపం మేకవైపు తిరిగాడని కోడలు అనుకుంది. ఎంత మర్యాదస్తుడు అని కూడా అనుకుంది.

“ట్యాంకు ఇస్తే వేస్తుందా?”

“ఎందుకు వెయ్యదూ! దాని ప్రాణమంతా ఆ ట్యాంకు మీదే ఉంటేనూ!”

మేక “మే” అంది. ఆఫీసరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

మర్నాడు ఆఫీసునుంచి పెద్ద పూలగుత్తి వచ్చింది. తెచ్చిన జవాను కోడల్ని పక్కకు జరగమని, దాన్ని మేక ముందు పెట్టి, వంగి నమస్కారం చేశాడు. మేక పూలు తిని, కట్టిన రిబ్బను కూడా తినేసింది. పేపర్లో మేక ఫొటో వచ్చింది. మంగలి ఆ పేపరు దుకాణంలో అంటించి, “గడ్డం ఉంటుందని నేను ముందే చెప్పానా లేదా?” అని వచ్చినవాళ్లందరినీ నిలదీశాడు.

అత్తకు ఒళ్లు మండిపోయింది. కోడలి చెయ్యి పట్టుకుని ఆఫీసుకి బయల్దేరింది. తప్పంతా తన ‘అది’లోనే ఉందని దారిలోనే కనిపెట్టింది. అందుకని ఆఫీసరు గదిలో అడుగుపెడుతూనే, “అది కాదండీ, ఆవిడ! ఆవిడే వేస్తారు!” అంది. పెళ్లయిననాటినుంచి కోడల్ని ‘ఆవిడ’ అనడం అదే మొదలు. కోడలు ఉలిక్కిపడి వెనక్కి చూసింది, ఎవరైనా వచ్చారేమోనని.

ఆఫీసరు లేచి నిలబడ్డాడు. “నిజమేనమ్మా, నాదే తప్పు. అంతటి కళాకారిణిని అది ఇది అనకూడదు” అన్నాడు. ఆ రోజునుంచి ఆఫీసులో అందరూ మేకను ఆవిడ అనాలని హుకుం వేశాడు.

“అయ్యో, మా కోడలండీ!” అంది అత్త నెత్తి కొట్టుకుంటూ.

“కోడలిలా చూసుకుంటున్నారు! మనుషుల్నే చూసుకోని రోజులు ఇవి.”

ఇక కోడలే గుండె చిక్కబట్టుకుంది. “నేనండీ. నేనే వేశాను” అంది.

“తెలుసమ్మా. ఆవిడ నిచ్చెన ఎక్కలేరు కదా, నువ్వు సాయం ఉంటున్నావు. ట్యాంకు దగ్గర కూడా నువ్వే ఉండాలి.” గంట కొట్టి జవానును పిలిచాడు. “పరంజా కట్టించండి. ఆవిడకు నీడకి గొడుగు, ఈ అమ్మాయికి... ఈ అమ్మాయి ఎలాగూ పైన ఉంటుంది, ఏమీ అక్కర్లేదు.”

అలా ట్యాంకు కోడలికి దక్కింది. దక్కినట్టో కాదో ఆమెకే తెలియలేదు.

పని మొదలైంది. కింద గొడుగు నీడలో మేక, పక్కన మూతి ముడుచుకుని అత్త. పరంజా మీద కోడలు. ఊరంతా వచ్చి మేకను చూసి వెళ్లేవారు. తల ఎత్తి పైకి చూసినవాళ్లు లేరు. ఒకాయన కోడల్నే కేకేసి, “అమ్మాయ్, నీ నీడ ఆవిడ మీద పడుతోంది, కాస్త జరుగు” అన్నాడు కూడా.

“చూశావుటే? చేసేది నువ్వు, పేరు దానిదీ!” అని అత్త రోజూ రుసరుసలాడేది. “ట్యాంకు బొమ్మ ప్రారంభం నాడు మైకులో అందరిముందూ చెప్పేస్తాను. విప్పి చెబుతాను, అక్షరం అక్షరం.”

కోడలు కూడా సరేనంది. ఎవరికుండదు, తన పనికి తన పేరు వినాలని?

అయితే రోజులు గడిచేకొద్దీ పైనుంచి ఆమెకు ఒక వింత కనిపించింది. అంతకుముందు ఆఫీసు గోడకు బొమ్మ వేసిన పెయింటరును కౌన్సిలర్లు ఊపిరి తీసుకోనివ్వలేదు. ఒకరు మీసం పెంచమన్నారు, ఒకరు బట్టతల మీద జుట్టు వెయ్యమన్నారు, ఒకరు పక్కవాడి బొమ్మ తీసెయ్యమన్నారు. ఆ మనిషి కుంచెలు మానేసి సైకిళ్లకు పంచర్లు వేసుకుంటున్నాడు. ఇప్పుడూ ఒక కౌన్సిలరు రానేవచ్చాడు. మేక ముందు చేతులు కట్టుకుని, “అమ్మా, ఆ నడిమధ్యలో నా ముఖం ఒకటి, చిన్నదే” అన్నాడు. మేక తుమ్మింది.

“ఒప్పుకోవట్లేదండీ” అన్నాడు అందాల ఆఫీసరు మెల్లిగా.

“పోనీ పక్కన?”

మేక అటు తిరిగి నిలబడింది.

“బలవంతపెట్టకండి, అలుగుతారు.”

కౌన్సిలరు వెనక్కి నడుచుకుంటూ వెళ్లిపోయాడు. మేకతో వాదించడం ఆయనకెవరూ నేర్పలేదు.

బొమ్మ పూర్తయింది. ట్యాంకు చుట్టూ మా వీధి మనుషులే, ఒకరి చొక్కా అంచు ఒకరు పట్టుకుని నడుస్తున్నారు. మంగలి ఆకుపచ్చ, మాస్టారు గులాబీ, ముక్కాలిపీట పెద్దావిడ నీలం. మొదట ఎవరున్నారో చివర ఎవరున్నారో చెప్పలేం. జనం ఎవరికివారు తమను వెతుక్కుంటూ చుట్టూ తిరిగారు. ఆగాలని తెలియక మళ్లీ తిరిగారు.

“ఆవిడ తనను తాను వేసుకోలేదు చూశారా, ఎంత అణకువ!” అన్నాడు ఆఫీసరు.

ప్రారంభం నాడు వేదిక మీద మేకకు కుర్చీ వేశారు. అత్త చేతికి మైకు ఇచ్చారు. సరిగ్గా అప్పుడు కోడలి వెనక కౌన్సిలరు పక్కవాడితో గొణగడం వినిపించింది. “మనిషెవడైనా వేసుంటేనా, ఈపాటికి నాలుగుసార్లు దిద్దించేవాణ్ణి. బనీనువాళ్లు ఇంకా అడుగుతూనే ఉన్నారు.”

కోడలు ఒక్క అంగలో వేదిక ఎక్కి ఒక చేత్తో అత్త మోచెయ్యి పట్టుకుని, ఇంకో చేత్తో మైకు మూసింది. “అత్తా, చెప్పకు.”

“ఎందుకే? ఇంతవరకూ వచ్చాక!”

“నాదని తెలిస్తే రేపే నిచ్చెన తెచ్చి మీసాలు దిద్దమంటారు. మేకదైతే ఎవడూ చెయ్యి పెట్టడు.”

“మరి నీ పేరే పిచ్చిదానా?”

“పేరేముంది, ఇంకో గోడకు చూసుకుందాం. ఇది ఉండనీ.”

కోడలు మైకు మీంచి చెయ్యి తీసింది. మైకులో అత్త ఊపిరి అందరికీ వినిపిస్తోంది. జనం ఎదురుచూస్తున్నారు. ఆవిడ కోడలి ముఖం చూసింది, ట్యాంకు చూసింది, నోటిదాకా వచ్చిన మాటను మింగింది. కానీ మైకు పట్టుకుని ఊరికే దిగిపోయే మనిషి కాదు.

“ఏమయ్యా ఆఫీసరూ! ట్యాంకుకి బయట రంగు బాగానే ఉంది. లోపల నీళ్లేవీ? వారంగా మా వీధి కుళాయి ఆవులిస్తోంది!”

ఒక్కసారిగా జనం గోలెత్తారు. మా వీధికీ రావట్లేదని ఒకరు, వచ్చినా తుప్పు వాసనని ఇంకొకరు. కౌన్సిలరు ఆఫీసరును చూపించాడు, ఆఫీసరు నీళ్ల ఇంజనీరును చూపించాడు, ఇంజనీరు దిక్కుతోచక మేకను చూశాడు. అందరూ వేదిక చుట్టూ మూగారు.

కోడలు మెల్లిగా ట్యాంకు వెనక్కి నడిచింది. పరంజా ఇంకా విప్పలేదు. గులాబీ మాస్టారి చొక్కాకు ఒక గుండీ మరిచిపోయిన సంగతి కింద నిలబడ్డప్పుడు కనిపెట్టింది. ఎండలో, అందరూ ఉండగానే, పైకెక్కి ఆ గుండీ పెట్టింది.