ఠక్కుమనే కెమెరా

హుయే నగరంలో ముసలివాళ్లు, పోయాక పూజలో పెట్టాల్సిన ఫొటోను బతికుండగానే తీయించుకుంటారు. ఆ ఫొటోలు తీసే ఖియెమ్, పదకొండేళ్లుగా వాడుతున్న తన కెమెరాను ఇచ్చేసి కొత్తది కొనాలా వద్దా అని నెల రోజులుగా నలిగిపోతున్నాడు. కెమెరా దుకాణంవాడు కొత్తదాన్ని ఒక రోజు వాడి చూడమన్నాడు. అది అన్నిటా మేలే, కాదనే పనిలేదు.

ఆ రోజు ఫొటోకు వచ్చిన తొంభయ్యేళ్ల థోవా బామ్మ ఊపిరి బిగబట్టి కూర్చుంది. అతను కొత్తదానితో నాలుగు ఫొటోలు తీసినా ఆమె కదల్లేదు.

“ఒరేయ్, తీస్తావా చస్తావా? ఫొటో కంటే ముందు నేనే పోయేలా ఉన్నా!”

“అయిపోయింది బామ్మా!”

“మరి చప్పుడేదీ?”

కొత్తదాని మెత్తటి క్లిక్కు ఆమె చెవిన పడలేదు. ఖియెమ్ సంచిలోంచి పాతది తీసి నొక్కాడు. ఠక్కుమంది. బామ్మ ఊపిరి వదిలి బోసినోటితో నవ్వింది. ఆ నవ్వునూ పట్టేశాడు.

కొత్తదాన్ని దుకాణంలో తిరిగిచ్చేసి బయటికొచ్చాక, నెల రోజుల బరువు దిగి ఖియెమ్‌కు ఒక్కసారిగా ఆకలేసింది.