బీరువా వెనక కిటికీ

టైలరమ్మ కుట్టుమిషను ఏడాది పొడుగునా వంటింట్లోనే ఉండేది. ఇంట్లో చోటు లేక కాదు. ఉత్తరం వైపు పెద్ద గదే ఉంది. కానీ చలికాలం వచ్చిందంటే ఆ గదిలో మాట్లాడినప్పుడల్లా నోట్లోంచి పొగ వచ్చేది. అందుకే దానికి 'ఐసుపెట్టె' అని పేరుపెట్టి, పాత సామాన్లు కుక్కి తలుపు మూసేశారు. వంటింట్లో పొయ్యి పక్కన మిషను, మిషను పక్కన అత్తగారి కుర్చీ. కూరలో దారపు పోగులు, బట్టల మీద నూనె మరకలు. ఎవరిదో కొత్త కోటు మీద పులుసు ఒలికిన రోజున ఆమె, ఆరు నూరైనా సరే, ఈ చలికాలం ఐసుపెట్టెలోనే కుడతానంది.

"అందులోనా? కోటు పూర్తయ్యేలోగా నువ్వు గడ్డకట్టుకుపోతావు," అన్నాడు భర్త. ఆయన బస్సు డ్రైవరు.

"గాలి ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపెడితే ఆపలేమా అండీ?"

తీరిగ్గా చేసుకోవచ్చు అనుకున్నారు. కానీ ఆయన సెలవు రోజు పొద్దున్నే రేడియోలో, చలిగాలులు వచ్చే వారం కాదు, రేపు సాయంత్రానికే దిగుతున్నాయని చెప్పారు. ఇక ఆమె కాలు ఒకచోట నిలవలేదు. కొవ్వొత్తి వెలిగించి, గదికున్న ఒక్క చిన్న కిటికీ అంచుల వెంబడి నడిపించింది. మంట వంగిన చోటల్లా బట్టల మీద గీసే సుద్దముక్కతో గీత పెట్టింది. వెనకాలే భర్త ఆ సందుల్లో లప్పం కూరుకుంటూ వచ్చాడు. మధ్యాహ్నానికి ఆ కిటికీ దగ్గర మంట నిటారుగా నిలబడింది. గది నడుమ మాత్రం ఇంకా వణుకుతూనే ఉంది.

గుమ్మంలో శాలువా కప్పుకుని కూర్చున్న అత్తగారు బీరువా వైపు వేలు చూపించింది. "అమ్మాయ్, నా ఎడమ మోకాలు పీకుతోంది. గాలి అటునుంచే."

"గోడలోంచి గాలెలా వస్తుందమ్మా?" కొడుకు నవ్వాడు.

"నవ్వు, నవ్వు. నా మోకాలు ఎప్పుడైనా అబద్ధం చెప్పిందా?"

ఆ కొయ్య బీరువా ఇల్లు కొన్నప్పుడే ఇంటితో పాటు వచ్చింది. ఏనుగంత బరువు. ఎవరూ దాన్ని కదిపిన పాపాన పోలేదు. టైలరమ్మ కొవ్వొత్తిని దాని పక్కకు పెట్టింది. దీపం టప్పున ఆరిపోయింది. మళ్లీ వెలిగించింది. మళ్లీ ఆరింది.

"ఏవండీ, దొంగ దొరికాడు."

ఇద్దరూ భుజాలు ఆనించి నెట్టారు. బీరువా ఉలకలేదు, పలకలేదు. "దాని కాళ్ల కింద పాత దుప్పటి దోపండిరా, జారుతుంది," అంది అత్తగారు. నిజంగానే జారింది. వెనక గోడకు కొట్టిన అట్ట ఒకటి గాలికి టపటపలాడుతోంది. టైలరమ్మ దాన్ని పట్టి ఒక్క లాగు లాగింది.

కిటికీ. మనిషెత్తు కిటికీ. అద్దాలన్నీ పగిలిపోయాయి. అట్టకు బయటివైపు గోడరంగే పూసి ఉంది, అందుకే వీధిలోంచి ఎన్నడూ తెలియలేదు. అవతల వీధి, ఆకులు రాలుస్తున్న చెట్టు, సైకిలు ఆపి తమనే వింతగా చూస్తున్న పోస్టుమాను. ఎన్నేళ్లుగానో మసక చీకట్లో మగ్గిన గది నిండా వెలుతురు పరుచుకుంది.

"ఇటుకలతో మూసేస్తే పీడా పోతుంది," అన్నాడు భర్త.

"ఆగండి. ఈ వెలుతురు చూశారా? నల్లబట్ట మీద నల్లదారం వెయ్యలేక కళ్లు పొడుచుకుంటున్నాను. అద్దాలు వేయిద్దాం."

"రేపటికల్లా అద్దాలాయన ఎక్కడ దొరుకుతాడు?"

"రోజూ నీ బస్సెక్కుతాడు కదరా. స్టాపు లేని చోట కూడా దింపుతావుగా," అంది అత్తగారు. "ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అక్కరకొస్తాడు?"

ఆయన చెప్పులేసుకుని పరుగెత్తాడు.

మర్నాడు అద్దాలాయన వచ్చేసరికి టైలరమ్మ కత్తిరింపుల్లో మిగిలిన ఉన్ని ముక్కలన్నీ రెండు పొరల మధ్య పరిచి, దుప్పటంత మందాన కిటికీకి తెర కుట్టేసింది. ఆయన బయట స్టూలెక్కి ఒక్కో అద్దం బిగిస్తుంటే లోపలినుంచి ఆమె పట్టుకుంది. చివరి అద్దం దగ్గర గాలి లేచింది. చెట్టు ఆకులన్నీ ఒక్కసారి రోడ్డెక్కాయి. ఆయన టోపీ కూడా వాటితోపాటే పోయింది.

"వదలొద్దమ్మా," అని ఆయన బయట అరుస్తున్నాడు.

"వదలను, మీరు కానివ్వండి," అని ఆమె లోపల అరుస్తోంది.

చల్లటి అద్దం ఆమె అరచేతుల కింద గువ్వలా కొట్టుకుంది. ఆయన చుట్టూ లప్పం నొక్కేశాడు. కొట్టుకోవడం ఆగింది. చేతులు తీసి చూసింది. అద్దం కదల్లేదు. బయట గాలి ఈలలు వేస్తున్నా లోపల తెర కుచ్చు కూడా ఊగలేదు. ఆమె నవ్వడం మొదలుపెట్టి ఆపుకోలేకపోయింది.

తెల్లారి మిషను మోసుకొచ్చేసరికి అత్తగారి కుర్చీ అప్పటికే కిటికీ పక్కన వేసి ఉంది.

"వంటింట్లో ఒక్కదాన్నీ ఏం చేసుకోను?" అందావిడ.

"ఉండండి. కానీ గుండీలు మీరే కుట్టాలి అత్తయ్యా."

ఆ చలికాలమంతా అత్తాకోడళ్లు అక్కడే. కుట్టడానికి ఇచ్చినవాళ్లు దారినపోతూ అద్దం మీద తట్టి, బట్టలు అయ్యాయా అని సైగ చేసేవారు. 'రేపు' అని టైలరమ్మ సైగ చేసేది. వెనకనుంచి అత్తగారు, ఇంకా కత్తెరైనా పెట్టలేదని రెండు వేళ్లు కత్తిరింపులా ఆడించి తల అడ్డంగా ఊపేది.