గోడ అవతలి వియ్యపురాలు

నేను ఏళ్ల తరబడి చపాతీలు కాల్చిన హాస్టల్‌కే నన్ను రోగిగా తీసుకొచ్చి పడేశారు. కరోనా వచ్చిన మొదటి ఏడు అది. ఆడపిల్లలను ఇళ్లకు పంపేసి, యూనివర్సిటీ వాళ్లు ఆ హాస్టల్‌ను ఐసోలేషన్‌కు ఇచ్చారు. తార్నాకలో మాది రెండు గదుల ఇల్లు. కొడుకు, కోడలు, వాళ్ల పిల్లలు, నేను. నాకు పాజిటివ్ అని తెలిసినప్పుడు కోడలు బాగా ఏడ్చింది. ఏడుస్తూనే నా బట్టల సంచి సర్దింది. ఆమె చేతుల్లో అంత వేగం ఉందని నాకు అంతవరకు తెలియదు.

ఆ హాస్టల్లో ఏ కుళాయి కారుతుందో, ఏ మెట్టు మీద కాలు జారుతుందో నాకు తెలుసు. నాకు అక్షరాలు వచ్చింది కూడా అక్కడే. యాభై దాటాక, చపాతీల పీట మీద పొడిపిండి చల్లి, పిల్లలు నాచేత వేలితో 'అ' దిద్దించారు. ఒక చపాతీ, ఒక అక్షరం. కొన్ని చపాతీలు మాడాయి, కొన్ని అక్షరాలూ మాడాయి. నా చేతిరాత చూసినవాళ్లకు ఆ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. కానీ నేను వంటింటి మనిషిని కాబట్టి పిల్లల గదిలో ఎప్పుడూ పడుకోలేదు. పడుకున్నాక తెలిసింది, వాళ్లు పరీక్షలప్పుడు వరండాలో ఎందుకు చదివేవారో. ఆ గదుల్లో ఫ్యాన్లు తిరగవు, మూలుగుతాయి.

ఫ్యానుతో పాటు ఒక మనిషి కూడా మూలుగుతోంది. నా గదికీ పక్క గదికీ మధ్య గోడలో, పైన కప్పు దగ్గర, గాలి కోసం వదిలిన జాలీ ఉంది. అందులోంచి గాలి వచ్చేది కాదు గానీ ఆ గొంతు వచ్చేది.

"రామా, తీసుకుపో తండ్రీ. ఇంక చాలు, తీసుకుపో."

పొద్దున ఇదే, మధ్యాహ్నం ఇదే. మొదట ఆమె మీద జాలిపడ్డాను. తర్వాత రాముడి మీద జాలి కలిగింది. ఆ పిలుపు వింటే ఆయనైనా మాస్కు కట్టుకుని వెనక గేటు నుంచి పారిపోయేవాడు.

మాకు మందులిచ్చే నర్సు గోల్నాక నుంచి వచ్చేది. చిన్నపిల్ల. తల నుంచి కాళ్ల దాకా తెల్లసంచిలో దూరి ఉండేది, కళ్లు తప్ప ఏమీ కనబడేవి కావు. చెమటకు ఆ కళ్లు కూడా మసకగానే ఉండేవి. పక్క గదిలో ఎవరని అడిగితే చెప్పింది. రిటైరైన ఒక ప్రొఫెసర్ గారి భార్య. కృష్ణా జిల్లా వాళ్లు, తార్నాకలోనే అపార్ట్‌మెంట్‌లో ఉంటారు. ఈమెకు జబ్బు రాగానే అపార్ట్‌మెంట్ వాళ్లు లిఫ్ట్ ముట్టుకోవద్దని, మెట్లు ఎక్కొద్దని గొడవ చేశారట. లిఫ్టూ ఎక్కక మెట్లూ ఎక్కక మూడో అంతస్తుకు ఎట్లా పోవాలో వాళ్లు చెప్పలేదు. ఆమె అలిగి ఇక్కడికి వచ్చేసింది.

"తింటలేదవ్వా," అంది నర్సు. "మూడు బంతుల డబ్బ ఇచ్చినం, ముట్టుకుంటలేదు. ఏలికి పెట్టే ఆక్సిజన్ మిషన్ల నంబర్ రోజురోజుకు దిగుతున్నది. ఇంకింత దిగితే పెద్దాస్పత్రికి పంపుడే."

ఆ డబ్బా నాకూ ఇచ్చారు. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి పీలిస్తే, లోపలి బంతులు పైకి లేవాలి. ఊపిరితిత్తులకు కసరత్తు. పెద్దాసుపత్రి అంటే ఆ రోజుల్లో అందరికీ వణుకు. అక్కడికి పోయినవాళ్లు తిరిగి వచ్చారన్న కబురు మా వీధిలో ఇంకా ఎవరూ వినలేదు. పక్క గది ఆమె అక్కడికి పోయే బండి కోసమే పడుకుని ఎదురుచూస్తున్నట్టు నాకు తోచింది.

నేనేమీ దయగల మనిషిని కాను. నాకు విసుగు పుట్టింది, అంతే. వాసన లేదు, రుచి లేదు, పలకరించే మొహం లేదు. ఫోన్ తెరిస్తే కషాయం. మిరియాలని ఒకరు, వాము అని ఒకరు. నేను వాళ్లు చెప్పినవన్నీ తాగి ఉంటే కరోనా కంటే ముందు కడుపు నన్ను తీసుకుపోయేది.

మా పెళ్లిళ్లలో వియ్యపురాళ్ల పాటలని ఉండేవి. మగపెళ్లివారు పంక్తిలో కూర్చోగానే ఆడపెళ్లివారు పిల్లవాడి తల్లి మీద పాట కట్టి ఎత్తిపొడుస్తారు. ఆమె అదే బాణీలో జవాబు చెప్పాలి. చెప్పలేకపోతే ఓడినట్టు. ఓడినవాళ్లు గెలిచినవాళ్ల విస్తరి ఎత్తాలి, మా ఊరి పద్ధతి అది. నేను ఒక్కసారి కూడా విస్తరి ఎత్తలేదు. తిట్లలో నాకు చిన్నప్పుడే డిగ్రీ వచ్చింది. చిక్కల్లా ఒకటే. వరస లేని మనిషిని పాటలో తిడితే కొట్లాట అవుతుంది, వరస ఉన్న మనిషిని తిడితే ముచ్చట అవుతుంది. కాబట్టి ముందు వరస కలపాలి. ఇంటి నుంచి తెచ్చుకున్న కంచం మీద గరిటెతో టకటకా కొట్టాను.

"ఏమమ్మా, మీ ఇంట్ల పిల్లి ఉన్నదా?"

రాముడు ఆగిపోయాడు. "ఎవరది?"

"పక్క గది. పిల్లి ఉన్నదా అంటున్న."

"మా వాచ్‌మన్ దగ్గర ఉంది ఒకటి. ఎర్రది. ఎందుకండీ?"

"మొగదా?"

"ఆఁ, మగదే. అసలు ఎందుకూ?"

"మా వాకిట్ల ఆడపిల్లి ఉన్నది. పెండ్లీడుకొచ్చింది. సంబంధం ఖాయం చేస్తున్న. ఇగ మనం వియ్యపురాళ్లం, వదినే."

"మీకేమైనా మతి పోయిందా?"

"వాసన పోయింది, రుచి పోయింది. మతి గీడనే ఉన్నది."

ఆమె మళ్లీ రాముణ్ని పిలవబోతోందని గ్రహించి, నేను గొంతెత్తాను.

*గొప్పింటి వియ్యపురాలు గోడవతల చేరింది,
గంజి తాగమంటేనేమో గారెలడిగి అలిగింది.*

 మధ్యాహ్నం అన్నం పొట్లాలు వచ్చి పోయాయి. నేను ఒక కునుకు తీసి లేచేసరికి జాలీలోంచి దగ్గు, దగ్గు వెనకాల పాట.

*పక్కింటి వియ్యపురాలు పాడిందమ్మా పాట,
పాత రేకు డబ్బాలో రాళ్లు పోసినట్టు...*

చివరి మాటకు గాలి చాలక దగ్గులో పడిపోయింది. కానీ బాణీ తప్పలేదు. నాకు ఒళ్లంతా సంతోషమైంది. ఇన్నేళ్లకు నన్ను రేకు డబ్బా అన్న మనిషి దొరికింది.

ఆ తర్వాత మాకు అదే పని. పొద్దున నేను ఒకటి వదిలితే, మధ్యాహ్నానికి ఆమె కట్టుకొచ్చేది. ఆమె కట్టేది చక్కగా, ప్రాసలు పెట్టి, దువ్విన జడలాగా. నావి చింపిరి జుట్టు పాటలు, కానీ కరిచేవి. నేను నా చపాతీలను పొగుడుకుని ఆమె వంటను అన్నాను, ఆమె నా ముక్కును అంది. ముక్కు చూడకుండానే అంది, అయినా సరిగ్గానే అంది. రెండు చరణాలు పాడేసరికి ఊపిరి ఆగిపోతోందని ఉక్రోషం వచ్చి, ఆ మూడు బంతుల డబ్బా తీసిందట. నర్సు వచ్చి చెప్పింది.

"ఒక బంతి లేపిందవ్వా. ఇడ్లీ గూడ తిన్నది. 'ఆ మహాతల్లికి జవాబు చెప్పాలి, ఇలా తే' అన్నది."

నంబరు కూడా కొంచెం ఎక్కిందట. నేను ఆ విషయం విననట్టు నటించి, పిల్లి మీద పాట అందుకున్నాను.

*మీ ఎర్రోడు మంచోడంట, మీసాలున్న మొనగాడంట,
మాపటికి గోడ దూకి మంది పాలు తాగుతాడంట.*

అదే కొంప ముంచింది. వరండాలో మిగతా గదులవాళ్లకు పిల్లుల సంగతి తెలియదు. వాళ్లు విన్నది, ఒక పెద్దింటి కొడుకు రాత్రిళ్లు గోడలు దూకుతున్నాడని, పిల్లనిచ్చినవాళ్లు లబోదిబోమంటున్నారని. చివరి గదిలో మెట్టుగూడ ఆమె ఒకరు, రైల్వే ఉద్యోగం, మంచి మనసు. పాపం ఆ ఆడపిల్ల గతి ఏం కావాలని కళ్లనీళ్లు పెట్టుకుని, ఇన్‌ఛార్జ్ సారుకు ఫోన్ చేసింది. రోగులను మనశ్శాంతిగా ఉంచాలని పైనుంచి ఆయనకు ఆజ్ఞలట. తెల్లసంచి తొడుక్కుని వచ్చాడు.

"ఇద్దరినీ విడదీస్తున్నాం. మీరు కింది అంతస్తుకు వెళ్లాలి."

"సార్, అది కొట్లాట కాదు. పిల్లుల పెండ్లి," అన్నాను.

ఆయన నర్సు వైపు తిరిగి, "జ్వరం చూడమ్మా" అన్నాడు.

నన్ను కింద, మెస్సు వెనకాల గదిలో పెట్టారు. మధ్యలో గోడ కాదు, ఏకంగా ఒక అంతస్తు వచ్చింది. పైనుంచి ఏమీ వినిపించదు. అదీగాక అన్ని రోజులు అరిచిన అరుపులకు, దగ్గుకు నా గొంతు పూర్తిగా పోయింది. మాట్లాడితే సైకిల్ టైరులోంచి గాలి పోయినట్టు వచ్చేది.

మర్నాడు నర్సు మొహం వేలాడేసుకుని వచ్చింది. సంచిలో ఉన్నా తెలిసిపోయింది.

"నువ్వు పోయినంక మల్ల రాముడేనవ్వా. డబ్బ ముట్టుడు బంద్, తినుడు బంద్. నంబర్ దిగింది. రేపు పొద్దుగాల చూసి బండి పిలుస్తమంటున్నరు."

"పాట వినిపియ్యకపోతివి?" అని సైగ చేశాను.

"నాకు తిట్టొస్తదా? వస్తే ఇంచార్జ్ సార్‌నే తిడ్తుంటి."

కాస్త నడవగలిగిన వాళ్లను సాయంత్రం ఎండలో కూర్చోమని వెనక పెరట్లోకి వదిలేవాళ్లు. పిల్లలు బట్టలారేసుకునే పెరడు అది, సిమెంటు నేల. వియ్యపురాలి గది కిటికీ సరిగ్గా దాని మీదికే ఉంది, మూసి ఉంది. గోడ వారగా బ్లీచింగ్ పౌడరు సంచులు పడి ఉన్నాయి. అప్పుడు ఊరంతా అదే చల్లేవాళ్లు కదా, రోడ్డు మీద, గుమ్మం మీద, కనబడితే మనిషి మీద. నేను ఒక సంచి విప్పి, ప్లాస్టిక్ గ్లాసుతో పొడి తీసి, నేల మీద పోయడం మొదలుపెట్టాను. మంచమంత అక్షరాలు. చపాతీ పీట మీద దిద్దిన చేతికి నేల దొరికింది. ఒత్తు దగ్గర పొడి అయిపోతే ఇంకో సంచి విప్పాను. కళ్లు మండి నీళ్లు కారాయి. అవి బ్లీచింగ్ నీళ్లే, వేరే అర్థాలు తీయనక్కర్లేదు.

*వియ్యపురాలు ఓడింది,
విస్తరెత్త రమ్మనండి.*

రాసి, కుళాయి గొట్టాన్ని కంచంతో బాదాను. కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. మెట్టుగూడ ఆమె పైకే చదివింది. పక్క కిటికీ ఆమె ఇంకా గట్టిగా చదివింది. ఇద్దరు ముగ్గురు కలిసి మళ్లీ చదివారు. ఆ ఒక్క కిటికీ మాత్రం తెరుచుకోలేదు. నేను గొట్టాన్ని బాదుతూనే ఉన్నాను. ఇన్‌ఛార్జ్ సారు దూరంగా నిలబడి, "అమ్మా, ఆ పౌడరు గవర్నమెంటుదమ్మా" అంటున్నాడు. ఆయన మాట వినే ఓపిక నాకు లేదు. ఆమె మంచం దిగే ఓపిక ఆమెకు ఉందా లేదా, అదొక్కటే చూస్తున్నాను.

ముందు రెక్క కదిలింది. తర్వాత రెండు చేతులు కనబడ్డాయి, ఊచలు పట్టుకుని. తర్వాత ఆ గొంతు.

*ఓడిందెవరే వదినా, గొంతు పోయిందెవరిదే?
బ్లీచింగుతో ముగ్గేసి పెళ్లి చేస్తానంటావా?*

ఆగిపోయింది. ఊపిరి అందడం లేదు, కింద ఉన్న నాకే తెలుస్తోంది. అన్ని కిటికీలూ ఆగాయి. మధ్యలో ఎవరూ అందించలేదు, అందిస్తే ఆమె ఓడినట్టు లెక్క. అంతమంది ఆడవాళ్లు ఒక్కసారి నోరు మూసుకోవడం ఆ హాస్టల్ ఎన్నడూ చూసి ఉండదు. ఆమె గాలి పీల్చింది, మళ్లీ పీల్చింది, అందుకుంది.

*మావాడు ఎర్రనివాడు, ఏడు వీధుల అందగాడు,
నీ చపాతీ చూసి పెళ్లి మాకొద్దని పోయాడు!*

పెరడంతా ఈలలు. ఎవరో బకెట్ వాయించారు. మెట్టుగూడ ఆమె, "అయ్యో, పిల్లులా? ఈ ఏడుపంతా పిల్లుల కోసమా?" అని తల కొట్టుకుంది. పైనుంచి, దగ్గు మధ్యలో, "ఏమ్మా నర్సమ్మా, ఆ బంతుల డబ్బా ఎక్కడ పెట్టావు?" అన్న మాట నాకు వినబడింది.

పొద్దున నంబరు నిలబడింది. బండి రాలేదు. ఇన్‌ఛార్జ్ సారు నన్ను మళ్లీ పైకి మార్చలేదు గానీ, రోజూ సాయంత్రం పెరట్లోకి ఒక సంచి సున్నం పంపించేవాడు. బ్లీచింగ్ మాత్రం తాళం వేయించాడు.

ఆమె నాకంటే ముందే ఇంటికి పోయింది. పోయే రోజు నా గది ముందుకు వచ్చి దూరంగా నిలబడింది. అంతవరకు ఒకరి మొహం ఒకరు చూడలేదు, ఇప్పుడూ మాస్కుల పైన కళ్లే. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చీరలో ఉంది.

"ఇంత పొట్టిదానివా నువ్వు?" అంది.

"నీ పాటంత పొడుగు లేను, వదినే," అన్నాను గొంతులేని గొంతుతో.

నా గుమ్మం పక్కన స్టూలు మీద నేను తిన్న కాగితం ప్లేటు ఉంది, ఎంగిలి మెతుకులతో. ఆ రోజుల్లో మా ప్లేట్లను నర్సులు కూడా పట్టకారుతో పట్టుకుని పసుపు సంచిలో వేసేవారు. ఆమె వంగి, చేత్తో ఆ ప్లేటు తీసింది. నడిచి వెళ్లి సంచిలో వేసి, వచ్చి చెయ్యి కడుక్కుంది.

"ఓడానని కాదు. చూడ్డానికి అసహ్యంగా ఉందని."

"నన్ను కింద పెట్టినంక మధ్యల జవాబు చెప్పలేదు గద నువ్వు."

"చెప్పలేదు," అని ఒప్పుకుంది. గేటు వైపు నడవబోతూ తిరిగి చూసింది. "మరి ఇప్పుడు నీ జవాబేదీ?"

ఎత్తిన ప్లేటుకు సరిపడా చరణం కోసం వెతికాను. నా జన్మలో మొదటిసారి ఒక్క ముక్క దొరకలేదు. ఆమె గేటు దాటిపోయింది.

పద్ధతి పద్ధతే. ఇప్పుడు నెలకొకసారి ఆమె తార్నాకలో మా రెండు గదుల ఇంటికి భోజనానికి వస్తుంది, నేనే విస్తరి ఎత్తాలి. ఆమె కావాలనే చాలా నెమ్మదిగా తింటుంది.