మైకాసురుడు ఏ పురాణంలో ఉన్నాడు?

ఈ సాయంత్రం తిరుచానూరులో, పూలమ్మేవాళ్ల వీధిలో జరిగే సత్సంగంలో, అహంకారం మీద గంటన్నర నిప్పులు చెరిగాను. ముందు వరుసలో పూలు కట్టే చెంగమ్మ ఫోనులో ఏదో కథ చదువుతూ నవ్వింది. పక్కనున్నామెతో "మైకాసురుడు" అంది.

వెంటనే పట్టుకున్నాను. "ఆ రాక్షసుడు ఏ పురాణంలో ఉండాడమ్మా? ముప్పై ఏండ్లుగా చదువుతాండా, యాడా తగల్లేదే."

"పురాణంలో కాదు సామీ, ఈ ఎగతాళి కథలో పుట్టినాడు. మైకు చేతికొస్తే ఎదురుగా మనుషులుండారనేది మరిచిపోయేవాడంట."

అందరూ నేలచూపులు చూశారు. "అంటే నేనేనా?" అన్నాను.

"నాకేం తెలుసు సామీ. మూడేండ్లుగా ఒక మాట అడగాలని వస్తాండా, సందు దొరకలా."

మైకు ఆమె చేతికిచ్చాను.

"దేవుడికని మాల కొన్నోళ్లకు పుణ్యం, సరే. కట్టినోళ్లకేమన్నా ఉండాదా?"

చేతిలోని గ్రంథం ముందుకూ వెనక్కూ తిప్పాను. రేపు వెతికి చెబుతానన్నాను. ఈలోగా పక్కనున్నామె మైకు అందుకుని ఇంకో ప్రశ్న మొదలుపెట్టింది. చీకటి పడుతున్నా ఈ రోజు ఎవరూ మధ్యలో లేచి వెళ్లలేదు.

చెంగమ్మకు ఏం చెప్పాలో మీకు తోస్తే రాయండి. ఈసారి నేను వింటాను.