గుర్తులేని భయం

తొంభైల చివర్లో నేను రాజమండ్రిలో ఒక చిన్న నర్సింగ్ హోములో మత్తు డాక్టరుగా పనిచేసేదాన్ని. ఆపరేషన్ చేసిన డాక్టరు రోగులకు జీవితాంతం గుర్తుంటాడు. మత్తిచ్చిన మనిషి ముఖం మర్నాటికే మరుపులో పడుతుంది. దానికి నేను అలవాటు పడిపోయాను. కానీ ఒకావిడ నన్ను మరిచిపోయిన తీరు మాత్రం నన్ను చాలాకాలం ఆలోచనలో పడేసింది.

ఆవిడది కడియం. భార్యాభర్తలిద్దరూ మొక్కల నర్సరీ నడిపేవారు. లారీలోకి మామిడి అంట్లు ఎక్కిస్తూ జారిపడి ఆవిడ కుడి ముంజేతి ఎముకలు రెండూ విరిగాయి. ప్లేటు వేయాలన్నారు. గట్టి మనిషే, కానీ థియేటర్లోకి తెచ్చేసరికి వణికిపోతోంది. ఆ వణుకు తగ్గడానికి ఎడమచేతికి సూది పెట్టి కొంచెం మందు ఇచ్చాను. ఆ మందుకు ఇంకో గుణం ఉంది. అది ఒంట్లోకి వెళ్లాక జరిగినవి మనిషికి గుర్తుండవు.

తర్వాత ఆక్సిజన్ కోసం ముఖం మీద నల్ల రబ్బరు మాస్కు ఆనించాను. ఆవిడ ఒక్కసారిగా పెనుగులాడింది. మాస్కు తోసేసింది. పట్టుకోబోయిన సిస్టరు చెయ్యి గీరేసింది. "ఊపిరాడట్లేదు, చచ్చిపోతున్నాను" అని కేకలు పెట్టింది. గబగబా నిద్రమందు ఎక్కించాను. ఆపరేషన్ బాగానే జరిగింది.

మర్నాడు వార్డుకి వెళ్లి ఎలా ఉందని అడిగాను.

"బానే ఉందండి. తమరెవరండి?"

"నిన్న మీకు మత్తిచ్చింది నేనేనండి."

"ఆయ్, అవునాండి. సూది పెట్టడం వరకే గుర్తండి. హాయిగా నిద్రపట్టేసింది" అంది నవ్వుతూ.

మంచిదే అనుకున్నాను. పడ్డ భయం గుర్తులేకపోతే పడనట్టే కదా అని అప్పట్లో నా నమ్మకం.

ఏడాది దాటాక ప్లేటు తీయించుకోవడానికి మళ్లీ వచ్చింది. ఈసారి వణుకు లేదు. బల్లమీద పడుకుని, పెరట్లో ఏ గులాబీ వేసుకుంటే బాగా పూస్తుందో నాకు చెబుతోంది. వేలికి క్లిప్పు తగిలించాం. మానిటరు నిదానంగా కూస్తోంది. నేను మాస్కు అందుకుని ఆవిడ ముఖం దగ్గరికి తెచ్చాను. మాటల మధ్యలోనే మానిటరు చప్పుడు పరుగందుకుంది. నుదుటి మీద చెమట పట్టింది. మాస్కు దూరంగా పెడితే కాసేపటికి తగ్గింది. మళ్లీ తెస్తే మళ్లీ అంతే.

"భయమేస్తోందాండి?" అనడిగాను.

"లేదండి. నాకేం భయం లేదు. ఈ గుండెకే ఏంటో మరి."

ఆవిడ అబద్ధమాడటం లేదు. తనకూ వింతగానే ఉంది. కాసేపు ఆలోచించి అంది: "ఒకటి చెప్పనాండి? చెయ్యి విరిగినకాడి నుంచి కొత్త రబ్బరు వాసన పడట్లేదండి. మోటారుకి పైపు మారిస్తే చాలు, కడుపులో తిప్పేస్తుంది."

అప్పుడు నేను మొదటి ఆపరేషన్ నాటి సంగతి చెప్పాను. మాస్కు తోసెయ్యడం, కేకలు, సిస్టరు చెయ్యి గీరడం. ఆవిడ ఎవరో పొరుగింటావిడ గురించి వింటున్నట్టు విన్నది.

"అంతపని చేశానాండి? పాపం ఆ సిస్టరు." తర్వాత ఎడమచెయ్యి చాచింది. "అదిలా ఇవ్వండోసారి."

మాస్కు చేతికిచ్చాను. తనే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మానిటరు మీద గుండె వేగం అంకె ఎక్కుతుంటే తల తిప్పి దాన్నే చూస్తూ ఉంది. తీయలేదు. సర్జను గారు గుమ్మంలోంచి తొంగిచూసి, "మొదలుపెడదామాండి?" అన్నారు. కాస్త ఆగమని సైగ చేశాను. ఆవిడ అలాగే పట్టుకుని ఉండగానే అంకె మెల్లగా దిగడం మొదలైంది.

"తగ్గుతోందండోయ్" అంది.

ఆరోజు నిద్రమందు ఇవ్వలేదు. చంక దగ్గర నరాలకు సూదిమందిచ్చి చెయ్యి ఒక్కటే మొద్దుబారేలా చేశాను. లోపల ప్లేటు తీస్తున్నంతసేపూ ఆవిడ అంటు కట్టడం గురించి మాట్లాడుతూనే ఉంది.

చదువుకునే రోజుల్లో మా ప్రొఫెసరు గారు అనేవారు, మనిషి నిద్రపోయినంత మాత్రాన ఒంటికి తెలియదనుకోవద్దని. కత్తి పడితే, మత్తులో ఉన్నా, మూత్రపిండాల పైనున్న చిన్న గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ రక్తంలోకి వదులుతాయి. నరాల దగ్గరే నొప్పి కబురు ఆపేస్తే ఆ కంగారు తగ్గుతుంది. పరీక్షకోసం ఇదంతా బట్టీపట్టినదాన్నే. కానీ భయం కూడా అలాగే మనిషికి తెలియకుండా ఎక్కడో ఉండిపోగలదని ఆవిడ మాస్కు పట్టుకుని మానిటరు కేసి చూడటం చూశాకే నాకు తట్టింది. నా మందు జరిగిన కథను చెరిపేసింది, కథలోని భయాన్ని వదిలేసింది. రెండూ ఒకేచోట ఉంటే అలా ఎందుకవుతుంది? ఆ వారమంతా పాత పుస్తకాలు తిరగేశాను. మెదడులో భయానికి వేరే దారి ఉందని అర్థమైంది గానీ, ఏ మందు ఎంతవరకు చేరుతుందో మాత్రం తేలలేదు.

కుట్లు తీయించుకోవడానికి వచ్చినప్పుడు ఆవిడ వరండా ఆ చివర నుంచే నన్ను గుర్తుపట్టి పలకరించింది.

"మొన్న పైపు మార్చారండి. దగ్గరికెళ్లి మరీ వాసన చూశాను. ఏం కాలేదు. ఆ భయం పోయినట్టేనంటారా, ఎక్కడన్నా దాక్కుందంటారా?"

"నాకూ తెలీదండి" అన్నాను.

"తెలిస్తే చెప్పండి మరి, కడియం వచ్చినప్పుడు" అని, బస్సుకి వేళవుతోందని భర్తని తొందరపెడుతూ మెట్లు దిగింది.