గౌను అంచులో మడత

బడిపిల్లలు ఆవిడకు పెట్టిన పేరు కొలబద్ద. ఎదురుగా ఉంటే నర్సమ్మా అంటారు, మలుపు తిరగ్గానే కొలబద్ద. ఆ సంగతి ఆవిడకు తెలుసు. పేరు బాగానే కుదిరిందని లోలోపల మురిసిపోతుంది కూడా. ఏటా ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలందర్నీ గోడకు నిలబెట్టి కొలవడం ఆవిడ ఉద్యోగం. చెప్పులు విప్పాలి, జుట్టు ముడి విప్పాలి, మడమలు గోడకు ఆనాలి. కొలిచాక మళ్ళీ కొలుస్తుంది.

"బక్కచిక్కిన పిల్లలు చూస్తే తెలియరా? ఈ తతంగమంతా ఎందుకమ్మా?" అన్నాడొకసారి కొత్త హెడ్‌మాస్టరు.

"చూస్తే బుగ్గలు కనపడతాయండీ. వయసు కనపడదుగా!"

కిటుకంతా అక్కడే ఉంది. ఏడేళ్ళ పిల్ల ఐదేళ్ళ పిల్లంత ఎత్తే ఉండి, ఆ ఎత్తుకు తగ్గ బరువుంటే చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది. ఆరోగ్యంగా పెరిగే పిల్లలు ఏ వయసుకు ఎంత ఎత్తుంటారో చూపే పట్టికతో పోల్చినప్పుడే లోటు బయటపడుతుంది. పసివాళ్ళ మీద కరిగి కారిపోయే ఉపన్యాసాలు ఏటా వింటూనే ఉంటాం. వాటివల్ల ఏ పిల్లా అంగుళం పెరిగిన దాఖలా లేదు.

ఆ ఏడు పట్టికలో అట్టడుగు గీతకు కింద పడింది కొలబద్ద సొంత మేనకోడలు, తమ్ముడి రెండో కూతురు. బుగ్గలు పట్టుకు లాగాలనిపించేంత బొద్దు. తమ్ముడిది బేకరీ. కింద దుకాణం, పైన కాపురం. కొలబద్ద మకాం కూడా అక్కడే.

బడికొచ్చే డాక్టరుకు చూపించాలంటే తల్లో తండ్రో ఒప్పుకోవాలి. మరదలు ఇంతెత్తున లేచింది.

"బేకరీవాళ్ళ పిల్లకి తిండి లేదా వదినా? వింటే జనం నవ్విపోతారు!"

"లేదని ఎవరన్నారు? పొద్దస్తమానం టీలో బన్ను ముంచుకు తింటే ఇంక అన్నం ఏం ఎక్కుతుంది?"

"నేను పొట్టి, మా అమ్మ పొట్టి. దీనికి ఎత్తు ఎక్కణ్ణించి ఊడిపడుతుంది?"

"అక్కా, ఇంట్లో కూడానా నీ కొలతలు?" అని గొణిగి తమ్ముడు మెల్లగా మెట్లు దిగిపోయాడు.

మర్నాడు మరదలే దొరికిపోయింది. పిల్ల గౌను ఇస్త్రీ చేస్తూ, "పోయినేడు కుట్టించిందే వదినా, ఇంకా సరిగ్గా సరిపోతోంది. నా పొదుపు చూశావా!" అంది.

కొలబద్ద గౌను అంచు తిప్పి చూసింది. పెరిగే పిల్లలని దర్జీ లోపలికి రెండు మడతలు వదిలాడు. రెండూ కుట్టినవి కుట్టినట్టే ఉన్నాయి.

"పెద్దదానికీ ఇలాగే కుట్టించావుగా. మడత ఎప్పుడు విప్పావు?"

"దానికా? ఏడాది తిరక్కుండానే..." మరదలు గౌను తనవైపు లాక్కుంది.

"అదీ ఈ పొట్టితల్లి కడుపున పుట్టిందేగా?"

మరదలు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. ఆ అంచును వేళ్ళతో తడిమింది. "డాక్టరు ఎన్నింటికొస్తాడు?" అంది చివరికి.

కడుపులో పురుగులు, ఒంట్లో రక్తం తక్కువ అన్నాడు డాక్టరు. మందులు పడ్డాయి. టీ బందయింది, పాలూ గుడ్డూ అన్నంతోపాటు వేళకు పళ్ళెం దగ్గరికొచ్చాయి. బన్ను కోసం పిల్ల నాలుగు రోజులు ఇల్లు పీకి పందిరేసింది. ఎవరూ కరగలేదు.

బడి ఏడాది ముగిసేలోపే ఒకరోజు మరదలు కేకేసింది. నేలమీద కూర్చుని చిన్నదాని గౌను అంచు దారాలు లాగుతోంది. విప్పినచోట బట్ట రంగు వెలిసిపోకుండా ముదురు నీలంగా, చుట్టూ పట్టీ వేసినట్టు కనిపిస్తోంది.

"రంగు తేడా కొట్టొచ్చినట్టు కనపడుతోంది వదినా. బళ్ళో అందరూ చూస్తారేమో!"

"చూడనీ. ముందు దాని ముడి విప్పి గోడ దగ్గరికి పంపు."